బుధవారం మాత్రమే గెలిచేదాన్ని

ఆ రోజుల్లో నేను చాలా చిన్నదాన్ని. అరవై ఆరేళ్ళు. మోకాళ్ళు రెండూ నా మాట వినేవి, కళ్ళజోడు ఒక్కటే ఉండేది, ఫోను చేతిలోకి తీసుకుంటే బొటనవేలు చెప్పిన చోటికి చెప్పిన క్షణాన వెళ్ళేది. ఇప్పుడు అరవై తొమ్మిది. మధ్యలో గడిచింది మూడేళ్ళే కదా అని తీసివేత చేసి నవ్వేవాళ్ళుంటారు. ముప్పై మూడేళ్ళు గవర్నమెంటు స్కూల్లో లెక్కలు చెప్పాను, తీసివేత నాకెవరూ నేర్పనక్కర్లేదు. కాని నేను ఫోనులో మొదటిసారి ఆట ఆడింది అరవై ఆరో ఏట. అందుకని నా యవ్వనాన్ని అక్కణ్ణుంచే లెక్కవేస్తాను. యవ్వనంలో ఎంత తెలివైనవాళ్ళయినా చేసే తెలివితక్కువ పని ఒకటుంటుంది. నాది ముప్పై ఆరు రోజులు సాగింది. తేదీలతో సహా నోట్‌బుక్‌లో ఉంది.

మేముండేది పోర్ట్‌బ్లెయిర్ పక్కన గరాచర్మలో. మా ఆయన హార్బరులో పనిచేసి రిటైరయ్యారు, నేను బడిలో. సముద్రం అడుగున తీగ వచ్చాక మా వీధిలో ఇంటింటికీ నెట్ పెట్టించుకుంటున్నారని, ఆ జూన్‌లో మేమూ పెట్టించుకున్నాం. లైన్ పని చేసేది డైరీ ఫార్మ్ పేటలో ఉండే తల నెరిసిన మనిషి. అందరూ లైన్ భయ్యా అనే పిలిచేవారు, పేరెవరూ అడగలేదు. ఆ భయ్యా రూటర్ని హాల్లో గోడకు బిగించి, "ఆంటీజీ, దీన్ని ఛేడ్‌నా మత్. ఇక్కడే ఉండనియ్యండి" అని చెప్పి వెళ్ళాడు. మూడు రోజులు ఉండనిచ్చాను. నాలుగో రోజు వాన పట్టుకుంది. ఈ దీవుల్లో వాన అంటే ఆకాశం నుంచి పడేది మాత్రమే కాదు, గోడల్లోంచి, గుడ్డల్లోంచి, ఉప్పు సీసాలోంచి కూడా వస్తుంది. ఇస్త్రీపెట్టె తుప్పు పడుతుంది, రేడియో మూగబోతుంది, మా పెళ్ళి ఫోటోలో ఆయన చెంప మీద బూజు మచ్చ పడింది (చూడవచ్చినవాళ్ళు పుట్టుమచ్చ అనుకుని మెచ్చుకుంటారు, మేము కాదనం). ఇక్కడ ప్రతి ఇంట్లోనూ దీనికి ఒకటే మందు. ఇనప బీరువా వెనక చిన్న రంధ్రం చేసి, లోపల ఒక చిన్న బల్బు పెట్టి, ఇరవై నాలుగు గంటలూ వెలిగించి ఉంచుతాం. ఆ వెచ్చదనానికి పట్టుచీరలకు బూజు రాదు, సర్టిఫికెట్లు ఒకదానికొకటి అతుక్కోవు. ఇంట్లో విలువైన వస్తువేదైనా చివరికి చేరేది ఆ బల్బు దగ్గరికే. రూటర్ విలువైన వస్తువే కదా. బల్బు తీగ వెళ్ళే రంధ్రంలోంచే దాని తీగలు కూడా పంపించి, నా డిగ్రీ పట్టాకూ నీలం పట్టుచీరకూ మధ్య దాన్ని కూర్చోబెట్టి తలుపు మూశాను. అప్పట్లో నెట్ వాడింది ఆయన పొద్దున్నే ప్రసంగాలు వినడానికీ, నేను వాతావరణం చూడటానికీ. రెండూ నెమ్మదిగా వచ్చినా నష్టం లేదు. (మీరు ఇప్పటికే నవ్వడం మొదలుపెట్టారని తెలుసు. నాకు అర్థం కావడానికి ఇంకా ఐదు నెలలుంది, ఓపిక పట్టండి.)

ఆగస్టులో, దీవుల ఉత్తరపు కొసనున్న డిగ్లీపూర్‌లో మా అక్క పడింది. పెరట్లో పాచి మీద జారి తుంటి ఎముక విరిగింది. నాకంటే ఆరేళ్ళు పెద్దది, అప్పటికి డెబ్బై రెండు. పోర్ట్‌బ్లెయిర్ తీసుకొచ్చి ఆపరేషన్ చేయించాం, నయమైంది, మళ్ళీ ఊరు వెళ్ళింది. కాని మంచం దిగనంది. రోజుకి గంటయినా కుర్చీలో నిటారుగా కూర్చోకపోతే మళ్ళీ నడవలేరని డాక్టరు గట్టిగా చెప్పాడు. అక్కకు ఎవరైనా గట్టిగా చెబితే సరిగ్గా దానికి వ్యతిరేకంగా పడుకుంటుంది. చిన్నప్పుడు బడిలో రింగ్ ఆటలో అక్కను ఓడించిన పిల్ల లేదు. నన్నయితే నెట్‌కి అటు నిలబెట్టి, రింగుతో ముక్కు వాచేలా కొట్టి, ఏడిస్తే ఇంకో పాయింటు వేసుకునేది. అటువంటి మనిషి గోడవైపు తిరిగి పడుకుందంటే నాకు అన్నం సహించలేదు. అక్క కోడలే ఉపాయం చెప్పింది. ఫోనులో టేబుల్ టెన్నిస్ ఆట ఉంది, ఇద్దరు ఎక్కడెక్కడో ఉండి ఆడుకోవచ్చు, వేలితో తోస్తే బంతి వెళ్తుంది. అయితే పడుకుని ఆడటం కుదరదు, కూర్చోవాలి. అక్టోబరు మూడో తేదీ, సోమవారం, సాయంత్రం ఐదింటికి మొదటి ఆట ఆడాం. ఆయన ఫోనులో అక్కకు కాల్ చేసి స్పీకర్ పెట్టుకుని, నా ఫోనులో ఆట. అక్క కుర్చీలో కూర్చుంది. గంటన్నర కూర్చుంది. పదకొండు–రెండుతో నన్ను చిత్తు చేసింది.

"ఏటే, చిన్నప్పటికన్నా దిగజారిపోయావు?" అని ఎంత సంతోషంగా అందో.

ఆ రోజు నాకూ సంతోషమే. మంగళవారం కూడా ఓడిపోయాను. ఎందుకు ఓడిపోయానంటే, అక్క కొట్టిన బంతి నెట్ దాకా వచ్చి, అక్కడ గాల్లో ఆగి, ఏదో మరచిపోయినదానిలా ఆలోచించి, మాయమై, నా వెనకాల తేలేది. నేను వేలు తోసేసరికి పాయింటు అక్క ఖాతాలో పడి ఉండేది. తెర మూలన ఒక అంకె ఎర్రగా కనిపించేది, మూడువందల నలభై అని, మూడువందల తొంభై అని. దాన్ని పింగ్ అంటారని కోడలు చెప్పింది. మన ఫోను అవతలివైపు కేక వేసి, ఆ కేకకు జవాబు తిరిగి రావడానికి పట్టే కాలమట. సెకనుని వెయ్యి ముక్కలు చేస్తే అందులో ఇన్ని ముక్కలని. యాభైలోపు ఉంటే పచ్చగా ఉంటుంది, ఆట హాయిగా సాగుతుంది. అక్క పేరు పక్కన ఎప్పుడూ పచ్చగా నలభై ఎనిమిదో, యాభయ్యో. డిగ్లీపూర్ లైనుకంటే గరాచర్మ లైను వెనకబడటం ఏమిటని నాకు ఊరి పరువు పట్టింపు కూడా ముంచుకొచ్చింది.

బుధవారం నేను గెలిచాను. పదకొండు–ఆరు. అంకె పచ్చగా నలభై ఒకటి. లైను బాగుపడిందనుకున్నాను. గురువారం మళ్ళీ ఎర్రబడింది, ఓడిపోయాను. అప్పుడు తీశాను కొత్త నోట్‌బుక్. రోజుకి మూడుసార్లు, ఉదయం ఆరున్నర, మధ్యాహ్నం ఒంటిగంట, సాయంత్రం ఐదు. మొదటి మూడు రోజుల అంకెలు ఫోనులో దాచి ఉంటే అవీ ఎక్కించాను. పింగ్ ఎంత, వాన ఉందా, కరెంటు ఎలా ఉంది, గాలి ఎటునుంచి, కుక్కర్ పొయ్యి మీద ఉందా, ఆయన ఏం చేస్తున్నారు, ఇలా పదకొండు గళ్ళు గీశాను. ఆయన హార్బరు రోజుల అలవాటుకొద్దీ సముద్రపు పోటుపాట్ల పట్టిక తెప్పించుకుంటారు. తీగ సముద్రం అడుగున ఉంది గనుక, పోటు ఎక్కువైనప్పుడు దాని మీద నీటి బరువు పెరిగి కేక నెమ్మదిగా వెళ్తుందేమోనని పన్నెండో గడి కూడా వేశాను. పదకొండు రోజులు గట్టిగా నమ్మాను.

"అది కేబులు, కాలవ కాదు" అన్నారాయన పేపరు దించకుండా.

"మీరు ఇంజనీరు కాదు."

"నువ్వు చేపవీ కాదు."

ఆ మాట కూడా రాసుకున్నాను, తేదీతో.

తెలిసినవాళ్ళు చెప్పినవన్నీ చేశాను. ఐదింటికి ముందు ఆయన ప్రసంగాలు ఆపించాను. గోడ మీది స్విచ్ తీసి, అరవై లెక్కపెట్టి, మళ్ళీ వేశాను. ఫోనులో అక్కర్లేనివన్నీ తీసేశాను (వాటిలో ఆయన పెన్షను యాప్ ఉందని తరవాత తెలిసింది). ఆఖరికి లైన్ భయ్యాను పిలిచాను. భయ్యా వస్తున్నాడంటే ఊరికే ఉండలేం కదా. ఇన్స్పెక్షనుకి ముందు క్లాసులో పిల్లల్ని వరసగా కూర్చోబెట్టినట్టు, రూటర్ని బీరువాలోంచి బయటికి తీసి, దుమ్ము దులిపి, హాల్లో మేజా మీద లేసు గుడ్డ పరిచి, దాని మీద నిలబెట్టాను. భయ్యా వచ్చి తన ఫోనులో ఏదో చూసి, నా ముందు పెట్టాడు.

"ఏక్‌దమ్ ఫస్ట్ క్లాస్, ఆంటీజీ. ముప్పై తొమ్మిది. ఇంకేటి కావాలి మీకు?"

"మీరు వెళ్ళగానే నాలుగువందలు అవుతుంది."

"నేను వెళ్తే ఎందుకవుద్ది? నేనేటి, దాని హెడ్మాస్టర్నా?"

ఆయన టీ తాగి వెళ్ళాడు. నేను రూటర్ని తుడిచి, చలిపట్టిన పిల్లని దుప్పట్లోకి తోసినట్టు మళ్ళీ బల్బు దగ్గర పెట్టి తలుపు మూశాను. సాయంత్రం నాలుగువందల పన్నెండు. రెండోసారి కూడా అచ్చంగా ఇదే జరిగింది. లేసు గుడ్డ, ముప్పై ఎనిమిది, టీ. ఈసారి భయ్యా తల గోక్కుని, వేగంగా వెళ్ళే రకం సిగ్నలు ఒకటి ఉందనీ, అయితే అది గోడలకు కాస్త భయపడుతుందనీ చెప్పి, రూటర్ని దానికి మార్చి వెళ్ళాడు. గోడలకే భయపడేది ఇనప తలుపుని చూస్తే ఏమవుతుందో ఆయనకు తెలియదు, ఆ తలుపు సంగతి నాకు తట్టలేదు. ఆ సాయంత్రం అంకె ఆరువందలు దాటింది. నోట్‌బుక్‌లో "లైను మనిషిని చూసి భయపడుతోంది" అని రాశాను. ముప్పై మూడేళ్ళ అనుభవంలో అలాంటి క్లాసుల్ని నేను చాలా చూశాను.

ఇంతలో అక్క లెక్క అక్క వేసుకుంది. నేను బుధవారాలు మాత్రమే గెలుస్తున్నాను. బుధవారం ఎందుకంటే, ఆ రోజు మూడింటికి చర్చిలో స్త్రీల సమాజం కూడిక. పావుతక్కువ ఐదుకి ఇంటికొచ్చి, చీర మార్చుకుని, ఆటకు కూర్చుంటాను. మరో ముఖ్యమైన సంగతి, ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటకు కూడా అంకె పచ్చగా ఉండేది, అంటే ఆరాధన నుంచి వచ్చిన వెంటనే. ఆయనతో చెప్పాను.

"ప్రార్థన చేసొచ్చినప్పుడల్లా బాగుంటోందండీ."

"అయితే రోజూ వెళ్ళు. నీకూ మంచిది, నాకూ మంచిది."

చర్చి రోజూ తెరవరు గనుక ఒక గురువారం నాలుగున్నర నుంచి ఐదు దాకా ఇంట్లోనే మోకాళ్ళ మీద ఉండి, అక్క ఆరోగ్యం కోసం చేసే ప్రార్థనలోనే పింగ్ మాట కూడా కలిపాను. నాలుగువందల ముప్పై ఒకటి. దేవుడికి సెకన్లో వెయ్యో వంతులతో పనిలేదని సరిపెట్టుకున్నాను.

అక్క మాత్రం సరిపెట్టుకోలేదు. నవంబరు మొదటి శనివారం ఆట పదకొండు–ఒకటితో ముగిసింది, ఫోను పెట్టబోతుంటే అక్క ఆపింది.

"చెల్లీ, ఒకటడుగుతాను. సచ్ బోల్."

"అడుగక్కా."

"బుధవారం గెలిచేదానివి శనివారం ఎందుకు ఓడిపోతన్నావు? నా మీద జాలా? తరస్ పడతన్నావేటి?"

"అయ్యో, లేదక్కా. లైను…"

"లైనూ లేదు, గీనూ లేదు. వారానికొక్క రోజు నీకు ఒళ్ళు మరిచిపోయి నిజం ఆట వచ్చేస్తంది, మిగతా ఆరు రోజులూ ముసల్ది, కాలు విరిగింది, గెలవనీ పాపం అని వదిలేస్తన్నావు. నాకు తెలీదనుకున్నావా? సోమవారం ఒక్కరోజు ఆడతాను. అప్పుడూ నాటకం ఆడావంటే మళ్ళీ నాకు ఫోను చెయ్యకు."

కాసేపటికి కోడలు విడిగా ఫోను చేసింది. "చిన్నత్తయ్యా, ఎలాగైనా చూడండి. ఆవిడ ఆట కోసమే లేచి కూర్చుంటన్నారు. నిన్న ఆటయ్యాక వాకరు పట్టుకుని గుమ్మం దాకా వెళ్ళారు. ఇది మానేస్తే మళ్ళీ మంచమే, ఇంక నా మాట వినరు" అంది. ఆ రాత్రి నోట్‌బుక్ అంతా మొదటినుంచి చదివాను. పన్నెండు గళ్ళు, ఒక్క కొట్టివేత లేదు. జవాబు మాత్రం లేదు.

సోమవారం, నవంబరు ఏడు. ఐదింటికి కూర్చున్నాను. అంకె మూడువందల ఎనభై. అక్క పలకరించలేదు కూడా, నేరుగా సర్వీసు. ఏడు–రెండు అయింది. అదే సమయానికి ఆయన హాలు దాటి పడగ్గదిలోకి వెళ్ళారు. నవంబరు గనుక, బతికే ఉన్నామని పెన్షను ఆఫీసుకి కాగితం ఇవ్వాలి, దానికి పాత కాగితాలు కావాలి, అవి బీరువాలో ఉన్నాయి. తలుపు తీసినప్పుడు కిర్రుమన్న చప్పుడు విన్నాను. వినడమే, పట్టించుకోలేదు. ఎందుకంటే బంతి వచ్చింది. ఆగలేదు, ఆలోచించలేదు, తిన్నగా నా దగ్గరకు వచ్చింది. తోశాను. వెళ్ళింది. ఏడు–మూడు. ఏడు–నాలుగు. అంకె పచ్చగా నలభై. నేను ప్రార్థన కూడా చేయలేదే అనుకుంటూనే ఆడుతున్నాను. ఏడు–ఏడు.

పడగ్గదిలో కిర్రుమని తలుపు పడింది. బంతి నెట్ మీద గాల్లో నిలబడిపోయింది.

నేను వేసిన కేకకు ఆయన బీరువాలో జెర్రి ఉందనుకుని మళ్ళీ తలుపు తీశారు. బంతి కదిలింది.

ఇక్కడ మామూలు మనిషయితే ఆట ఆడుకునేది. లెక్కల టీచరు ఒక్క ఉదాహరణతో నిర్ధారణకు రాదు. "మూయండి!" అన్నాను. మూశారు. బంతి ఆగింది, పాయింటు పోయింది. "తీయండి!" తీశారు. వచ్చింది. "మూయండి!" ఇంకో పాయింటు పోయింది. "తీయండి! మళ్ళీ మూయండి!" మూడోదీ పోయింది. పది–ఏడు. కళ్ళ ముందు ముప్పై ఆరు రోజులూ బారులు తీరి నడిచివెళ్ళాయి. బుధవారం కూడిక నుంచి వచ్చి, చెమట చీరని అలాగే మడతపెట్టడం నాకు గిట్టదు గనుక, బీరువా తలుపు బార్లా తెరిచి, ఆ తలుపు మీదే చీర ఆరేసి, ఆరు దాటాక గాని మూసేదాన్ని కాను. ఆదివారం మధ్యాహ్నమూ అంతే. పన్నెండు గళ్ళు గీశాను, అందులో బీరువా తలుపుకి గడి లేదు.

"తీసి ఉంచండి! దాని ముందునుంచి కదలకండి!"

"నేను మూడు నెలల కిందటే అన్నాను, దాన్ని ఇనప పెట్టెలో పెట్టడం ఏమిటని."

"మీరు అనలేదు."

"అన్నాను. నువ్వు రాసుకోలేదు."

దానికి జవాబు చెప్పే తీరిక నాకు లేదు. పది–ఎనిమిది, పది–తొమ్మిది, పది–పది. అక్క ఊపిరి స్పీకర్లో వినపడుతోంది, రింగ్ ఆటలో చివరి పాయింటుకి ముందు వినపడేదే ఆ ఊపిరి. ఈసారి నాకు పదకొండు, అక్కకు పది. ఆఖరి బంతిని మూలకి కొట్టాను. అక్క వేలు అందలేదు. పన్నెండు–పది.

గెలిచి అక్కను పోగొట్టుకున్నానేమో అనుకున్నాను.

"ఇదీ ఆట" అంది అక్క. "ఇప్పుడు నా చెల్లివి. ఏడు–ఏడు దగ్గర మూడు బంతులు ఎందుకు వదిలేశావో చెప్పు ముందు."

చెప్పాను. బీరువా, బల్బు, లేసు గుడ్డ, పోటుపాట్లు, గురువారం ప్రార్థన, ఏదీ దాచలేదు. అక్క నవ్విన నవ్వుకి కోడలు వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. "పట్టుచీర పక్కన పడుకోబెట్టావంటే, జోలపాట కూడా పాడావేటే!" అంటూ నవ్వుతోంది, దగ్గుతోంది, మళ్ళీ నవ్వుతోంది. ఆ నవ్వులోనే కుర్చీ చేతుల మీద చేతులు ఆనించి, ఎవరూ పట్టుకోకుండా, లేచి నిలబడిందట. కోడలు చెప్పింది. "రేపు ఐదింటికి రా, నీ సంగతి చెప్తాను" అని ఫోను పెట్టేసింది.

ఇప్పుడు రూటర్ బీరువా నెత్తిన ఉంది. ఒక మూల తుప్పు పట్టింది, పట్టనీ. అక్కకు డెబ్బై అయిదు, చేతికర్రతో పెరడంతా తిరుగుతుంది. ఐదింటికి ఆట ఆగలేదు. నోట్‌బుక్కూ ఆగలేదు, కాకపోతే పన్నెండు గళ్ళలో ఇప్పుడు రెండే మిగిలాయి, ఎవరు గెలిచారు, ఎందుకు. నా పేరు పక్కన రోజూ పచ్చగా ముప్పై ఆరు. అయినా బంతి నన్ను దాటిపోతోంది. కేక వెంటనే వస్తోంది, నేనే ఆలస్యంగా పలుకుతున్నాను. ఆ అరవై ఆరేళ్ళ పిల్ల పదకొండు రోజులు సముద్రాన్ని అనుమానించింది గాని, తన వేలిని అనుమానించాల్సిన అవసరం దానికి ఒక్కరోజు కూడా రాలేదు. తలచుకుంటే దాని మీద కాస్త అసూయే కలుగుతుంది.

మొన్న శనివారం అక్క వరసగా మూడు బంతులు వదిలేసింది, తేలికైనవే. తెర మీద అక్క పేరు పక్కన అంకె పచ్చగా నలభై అయిదు.

"మా లైను బాలేదే ఈ రోజు. ఒకటే వాన" అంది.

స్పీకర్లో వెనకనుంచి కోడలి కేకలు వినపడుతున్నాయి, పెరట్లో ఆరబోసిన వడ్ల మీదకు కోళ్ళు వస్తున్నాయని. వానలో వడ్లు ఎవరూ ఆరబోయరు.

"అవునక్కా, ఇక్కడా బాలేదు" అన్నాను.

ఆట అయ్యాక నోట్‌బుక్ తీశాను. 'ఎందుకు' అన్న గడిలో, తేదీ కింద, గుండ్రంగా, కొట్టివేత లేకుండా రాశాను: డిగ్లీపూర్‌లో వాన.